రూబెన్స్ గీసిన చిన్నారి క్లారా: బరోక్ పద్ధతిలో ఒక పాప ముఖాన్ని ఆయిల్ రంగుల్లో నకలు తీయడం ఎలా

ఐదేళ్ల పాప. జుట్టు వెనక్కి దువ్వి ఉంది కానీ నుదుటి దగ్గర కొన్ని పోగులు మాట వినలేదు. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, ముక్కు కొసన చిన్న మెరుపు ఉంది. కళ్లు సూటిగా మన కళ్లలోకే చూస్తున్నాయి. పెదాల చివర ఇంకా పూర్తిగా బయటపడని నవ్వు. మెడ కిందికి దిగితే మాత్రం కాలర్, గౌను అంతా నాలుగు కుంచె దెబ్బలతో వదిలేసినట్టు కనిపిస్తుంది.

పదిహేడో శతాబ్దపు యూరప్‌లో వెలుగునీడలతో మనుషులకు ప్రాణం పోసిన చిత్రకళా శైలినే బరోక్ అంటారు. ఆ శైలిలో పేరుమోసిన ఫ్లాండర్స్ (నేటి బెల్జియం) చిత్రకారుడు పీటర్ పాల్ రూబెన్స్ 1616 ప్రాంతంలో తన మొదటి సంతానం క్లారా సెరీనాను ఇలా గీశాడు. చర్చిలకు రెండు మూడు నిలువుల ఎత్తున్న చిత్రాలు వేసే మనిషి, కూతురి కోసం 37 సెంటీమీటర్ల ఎత్తు, 27 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చిన్న కాన్వాస్ తీసుకున్నాడు. అది ఇప్పుడు లిక్టెన్‌స్టైన్ రాజకుటుంబపు సేకరణలో ఉంది. క్లారా 1611లో పుట్టింది. 1623లో, పన్నెండేళ్లకే చనిపోయింది. గీసేటప్పుడు ఆ తండ్రికి తెలియని సంగతి చూసే మనకు తెలుసు. ఈ చిత్రం ముందు చాలామంది ఎక్కువసేపు నిలబడిపోవడానికి అదొక కారణం. కానీ ఆ పాప ఊపిరి తీస్తున్నట్టు కనిపించడానికి కారణం అది కాదు. దానికి కారణం పూర్తిగా పనితనమే. నీడ పల్చగా, వెలుగు మందంగా, రెండింటి మధ్య ఒక బూడిద రంగు ఉండాలి. ముఖం పూర్తయ్యాక చెయ్యి ఆపాలి. ఇంతే. దీన్ని చెబితే అర్థమవుతుంది, చేస్తేనే తెలుస్తుంది. అందుకే నకలు తీయమంటున్నాను.

ఆయిల్ రంగులు ఒకటి రెండుసార్లు వాడినవాళ్లు చేయగలిగే పని ఇది. ఆరడానికి పట్టే సమయంతో కలిపి మూడు నాలుగు వారాలు పెట్టుకోండి. చేత్తో పనిచేసేది మాత్రం ఏడెనిమిది పూటలే.

1. ముందు ఒక సాయంత్రం ఊరికే చూడండి

వికీమీడియా కామన్స్‌లో ఈ చిత్రం పెద్ద సైజులో దొరుకుతుంది. ఒక్కో ఫొటోలో రంగు ఒక్కోలా ఉంటుంది కాబట్టి రెండు మూడు దించుకుని పక్కపక్కన పెట్టండి. ఒకదాన్ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. తర్వాత కళ్లు సగం మూసి చూడండి. ముఖంలో అన్నిటికన్నా వెలుగైన చోటు ఏది? అన్నిటికన్నా చీకటి ఎక్కడ? ఏ అంచు వెనక గోడలో కరిగిపోతోంది, ఏది తెగినట్టు ఉంది? ఎరుపు ఎక్కడెక్కడ ఉంది? బుగ్గలు, పెదాలు వెంటనే దొరుకుతాయి. ముక్కు రంధ్రాల్లో, రెప్పల అంచుల్లో ఉన్నది దొరకాలంటే ఇంకాసేపు చూడాలి. జవాబులు కాగితం మీద రాసుకోండి, తర్వాత చాలా పనికొస్తాయి.

2. సరుకులు

తక్కువే కావాలి. 30×40 సెంటీమీటర్ల కాన్వాస్ బోర్డు ఒకటి. దాని మీద 27×37 గీత కొట్టుకుంటే అసలు చిత్రమంత సైజు వస్తుంది. హాగ్ బ్రష్‌లు (పంది వెంట్రుకల గట్టి కుంచెలు) నాలుగు, ఆరు, ఎనిమిది నంబర్లవి, కొస గుండ్రంగా ఉండే ఫిల్బర్ట్ రకం. మెత్తటి రౌండ్ బ్రష్ ఒకటి. టర్పెంటైన్, కళాకారుల అవిసె నూనె, పాత కాటన్ గుడ్డలు.

రంగులు ఏడు: టైటానియం వైట్, ఎల్లో ఆకర్, కాడ్మియం రెడ్ లైట్, అలిజరిన్ క్రిమ్సన్, బర్న్ట్ సియెన్నా, రా అంబర్, ఐవరీ బ్లాక్. నీలం లేదు. కావాలనే చెప్పలేదు, ఎందుకో తర్వాత తెలుస్తుంది.

రూబెన్స్ కాలంలో తెలుపంటే సీసపు తెలుపు, మండే ఎరుపంటే ఇంగిలీకం. మొదటిది సీసం, రెండోది పాదరసం. ఇంట్లో పిల్లలుండే మనకు ఆ రెండూ వద్దు. టైటానియం వైట్ ఇరవయ్యో శతాబ్దపు రంగు. అది సీసపు తెలుపు కన్నా చల్లగా (అంటే నీలం వైపు మొగ్గుతూ), గట్టిగా ఉంటుంది, పక్క రంగులను మింగేస్తుంది. అందుకని ప్యాలెట్ మీద పెట్టగానే దానిలో కొంచెం ఎల్లో ఆకర్ కలిపేయండి. ఈ పని మొత్తంలో ట్యూబులోంచి వచ్చిన తెలుపును అలాగే వాడేది కంటి మెరుపుకు ఒక్కటే.

3. గోధుమ రంగు నేల

తెల్లటి కాన్వాస్ మీద ముఖం మొదలుపెడితే ప్రతి రంగూ నల్లగా కనిపిస్తుంది, భయపడి అన్నీ పాలిపోయినట్టు వేస్తాం. రూబెన్స్ చెక్క పలకల మీద వేసిన చాలా చిత్రాల్లో తెల్ల సుద్ద పూత మీద పల్చటి గోధుమ-బూడిద రంగును వెడల్పు కుంచెతో చారలు చారలుగా లాగాడు. ఆ చారలు కొన్ని చోట్ల ఇప్పటికీ కంటికి కనిపిస్తాయి.

మనం రా అంబర్‌లో కొంచెం నలుపు కలిపి, టర్పెంటైన్‌తో టీ డికాషన్ అంత పల్చగా చేసి, బోర్డంతా ఏటవాలుగా పూద్దాం. రెండు నిమిషాలాగి గుడ్డతో తుడవండి. సమంగా రావాలని చూడకండి. చారలు ఉంటేనే తర్వాత నీడలు గాలాడినట్టు ఉంటాయి. రా అంబర్ త్వరగా ఆరే రంగు, ఎండాకాలంలో ఒక రోజు చాలు. వానాకాలంలో మూడు రోజులు ఆగండి. కిటికీ తెరిచి పని చేయండి, టర్పెంటైన్ వాసన మూసిన గదిలో మంచిది కాదు.

4. గీత: ఇక్కడే పాప ముఖం పెద్దవాళ్ల ముఖం అయిపోతుంది

చాలామంది నకళ్లు చెడేది రంగు దగ్గర కాదు, ఇక్కడే. పెద్దవాళ్ల తలలో కళ్లు సరిగ్గా సగం ఎత్తులో ఉంటాయి. ఐదేళ్ల పిల్లల్లో సగానికి కొంచెం కిందకి ఉంటాయి. అందువల్ల నుదురు పెద్దది. కంటి నల్లగుడ్డు చిన్నతనంలోనే దాదాపు పెద్దల సైజుకు వచ్చేస్తుంది, ముఖం మాత్రం ఇంకా పెరగాలి. పిల్లల కళ్లు అంత పెద్దవిగా అనిపించడానికి కారణం అదే. ముక్కు పొట్టిది, రెండు కళ్ల మధ్య ముక్కు దూలం లేచి ఉండదు. గడ్డం చిన్నది, బుగ్గ బరువు నోటి పక్కకి దిగి ఉంటుంది.

ముందు ఈ గీతను కాగితం మీద వేయండి. దీనికి ఒక మంచి పాఠం ఉంది. రూబెన్స్ తన చిన్న కొడుకు నికొలాస్‌ను 1619 ప్రాంతంలో నల్ల, ఎర్ర, తెల్ల సుద్దలతో గీశాడు. అది వియన్నాలోని అల్బెర్టీనా మ్యూజియంలో ఉంది. మెడలో పగడాల దండ వేసుకున్న బుడ్డోడు. పిల్లలకు కీడు తగలకూడదని ఆ రోజుల్లో యూరప్‌లో పగడాలు వేసేవారు. మన ఇళ్లల్లో పసిబిడ్డ చేతికి నల్లపూసలు కట్టినట్టే. ఆ డ్రాయింగ్‌లో నల్ల సుద్ద ఆకారాన్ని పడుతుంది, ఎర్ర సుద్ద రక్తం పారే చోట్లకు పోతుంది, తెల్ల సుద్ద వెలుగు తగిలే చోట మాత్రమే ఉంటుంది. మిగిలినదంతా కాగితమే. క్లారా ముఖాన్ని కూడా లేత గోధుమ రంగు కాగితం మీద ఈ మూడింటితో ఒకసారి గీసి చూడండి. తర్వాత రంగుల్లో చేయబోయే పనంతా అందులోనే ఉంది.

కాగితం మీద కుదిరాక వెనక వైపు మెత్తటి బొగ్గు రుద్ది, బోర్డు మీద పెట్టి, గీతల వెంట పెన్సిల్‌తో నొక్కితే అచ్చు దిగుతుంది. గళ్లు కొట్టి దించినా తప్పేం లేదు. దించాక అద్దంలో చూడండి. తప్పులు అద్దంలో వెంటనే బయటపడతాయి.

5. గోధుమ రంగుతో నీడలు

రా అంబర్, టర్పెంటైన్, రౌండ్ బ్రష్. రెప్పల గీత, ముక్కు కింద, పెదాల మధ్య, గడ్డం కింద, జుట్టు మొదళ్లు. తెలుపు అస్సలు తాకకండి. ఎక్కువైన చోట గుడ్డతో తుడిస్తే నేల రంగు బయటికొస్తుంది. గంటలో అయిపోతుంది. రెండు రోజులు ఆరనివ్వండి.

6. బూడిద వెలుగు

తెలుపు (ఆకర్ కలిపినది), కొంచెం నలుపు, కొంచెం రా అంబర్ కలిపితే లేత బూడిద వస్తుంది. హాగ్ బ్రష్‌తో నుదురు, ముక్కు, బుగ్గల పైభాగం, గడ్డం మీద వేయండి. వెలుగు మధ్యలో మందంగా, నీడ వైపుకి వచ్చేకొద్దీ కుంచె ఆరిపోయి గీరుకుపోయేంత పల్చగా. నీడలోకి మాత్రం వెళ్లకండి. ఈ పొర అయ్యాక పాప రాతి బొమ్మలా ఉంటుంది. అది సరైనదే. నాలుగు నుంచి ఏడు రోజులు ఆరాలి.

ఇక్కడ ఒక సూత్రం గుర్తుంచుకోవాలి: కింది పొరల్లో టర్పెంటైన్, పై పొరల్లో కొంచెం నూనె. నూనె ఎక్కువున్న పొర ఆరడానికి చాలా కాలం పడుతుంది, ఆరుతూ కదులుతుంది. దాని పైన త్వరగా ఆరే పొర వేస్తే కొన్నేళ్లకు పై పొర పగులుతుంది.

7. చర్మం

ఈ మార్గదర్శి అంతా ఈ అడుగు కోసమే. ఒక పూట మొత్తం ఖాళీ పెట్టుకోండి.

మూడు కుప్పలు కలుపుకోవాలి. వెలుగుకు: వేరుశెనగ గింజంత తెలుపు, మిరియపు గింజంత ఎల్లో ఆకర్, ఆవగింజంత కాడ్మియం రెడ్. మధ్య ఛాయకు: అదే వెలుగు రంగులో, తెలుపు-నలుపు కలిపిన బూడిద. నీడకు: బర్న్ట్ సియెన్నా, రా అంబర్, చుక్క అలిజరిన్, రెండు చుక్కల అవిసె నూనె. నీడలో తెలుపు లేదు. తెలుపు పడ్డ క్షణం నీడ సున్నం కొట్టిన గోడ అయిపోతుంది, వెలుతురు లోపలికి పోదు.

ముందు నీడలు పల్చగా, అద్దంలా. తర్వాత వెలుగు మందంగా. ఈ రెండింటి మధ్య ఒక వేలు మందం ఖాళీ వదలండి. ఆ ఖాళీలోకి మధ్య ఛాయను చాలా తక్కువ రంగుతో లాగండి. కణతల దగ్గర, కంటి కింద, నోటి పక్కన, దవడ మలుపులో. కింద ఉన్న గోధుమ, బూడిద పొరలు కొంచెం కనిపిస్తూనే ఉండాలి.

అప్పుడు ఆ చోటు నీలంగా మారుతుంది. ప్యాలెట్ మీద నీలం లేదు, అయినా మారుతుంది. దీనికి రెండు కారణాలు. నారింజ ఛాయ ఉన్న చర్మం పక్కన మామూలు బూడిద పెడితే కన్ను దాన్ని నీలంగా చదువుకుంటుంది. రెండోది, ముదురు రంగు మీద లేత రంగు పల్చగా పరిస్తే అది చల్లబడుతుంది. కట్టెల పొయ్యి పొగ చీకటి గోడ ముందు నీలంగా, తెల్లటి ఆకాశం ముందు గోధుమ రంగులో కనిపించడం చూసే ఉంటారు, అదే సంగతి. పసిపిల్లల పల్చటి చర్మం కింద నరాల చల్లదనం ఇలాగే కనిపిస్తుంది. రూబెన్స్ చర్మం ముత్యంలా మెరుస్తుందని అందరూ అనేది ఈ ఇరుకు చోటు గురించే.

నా మొదటి నకలులో నేను ఇది నమ్మలేదు. ఫొటోలో నీలం కనిపిస్తోంది కదా అని కణతల దగ్గర అల్ట్రామెరీన్ కలిపాను. మా అక్క కూతురు వచ్చి చూసి, "పిన్నీ, ఆ పాపకి దెబ్బ తగిలిందా?" అంది. నిజంగానే కమిలినట్టు ఉంది. గీకి పారేసి మళ్లీ వేశాను. నీలం ట్యూబు ఆ రోజు నుంచి ఈ పనిలో నా పెట్టెలోంచి బయటికి రాలేదు.

వెలుగు తడిగా ఉండగానే ఎరుపు పెట్టాలి. బుగ్గ మీద గుండ్రంగా రూజు పూసినట్టు కాదు. వెలుగు రంగులోనే ఇంకొంచెం కాడ్మియం రెడ్ కలిపి, బుగ్గ వంపు వెంట మూడు నాలుగు కుంచె దెబ్బలు, అంతే. చివరలు పక్క రంగులోకి వాటంతట అవే కలుస్తాయి. ముక్కు రంధ్రాల్లో, పెదాల మధ్య నలుపు వాడకండి. అలిజరిన్, బర్న్ట్ సియెన్నా కలిపి పెట్టండి. లోపల రక్తం ఉన్న చోట చీకటి కూడా ఎర్రగానే ఉంటుంది. రూబెన్స్ నీడల్లో ఇంగిలీకం మెరుపులు పెట్టేది అందుకే.

ఇక్కడ ఎక్కువగా నునుపు చేయాలనిపిస్తుంది. చేయకండి. కుంచె గీతలు ముఖం వంపు వెంట తిరిగితే అవే చర్మమవుతాయి.

8. కళ్లు, నోరు

కింది పొర ఆరాక రౌండ్ బ్రష్‌తో చేయాలి. తెల్లగుడ్డు తెల్లగా ఉండదు. మధ్య ఛాయకే కొంచెం తెలుపు చేర్చండి చాలు. పై రెప్ప నీడ కంటి పైభాగం మీద పడుతుంది. అది మరిస్తే పాప బెదిరినట్టు కనిపిస్తుంది. నల్లగుడ్డు పైన చీకటి, వెలుగు వచ్చే వైపుకి ఎదురుగా కింద కొంచెం లేత. కళ్ల కింద గీతలు వద్దు, పిల్లలకు అక్కడ మలుపే ఉంటుంది. మెరుపు చుక్క అన్నిటికన్నా చివర, రెండు కళ్లలో ఒకే దిక్కున పెట్టాలి.

నవ్వు పెదాల్లో లేదు, పెదాల చివర్లలో ఉంది. పెదాల మధ్య గీతను ఒకే దారంలా లాగకుండా మధ్యలో తెంపండి. చివరలను పొడి కుంచెతో ఒకసారి మెత్తగా చెరపండి. క్లారా నవ్వబోతోందో, నవ్వు ఆపుకుంటోందో తేల్చుకోలేని స్థితి అక్కడి నుంచే వస్తుంది. నాకు ఈ చిన్న చోటే రెండు పూటలు పట్టింది. మీకూ పడితే ఆందోళన పడకండి.

9. జుట్టు, కాలర్, గౌను

అరగంట. టైమ్ పెట్టుకుని చేయండి. జుట్టును ముద్దగా గోధుమ రంగులో వేసి, నుదుటి అంచు తడిగా ఉండగానే చర్మంలోకి కలపండి. పోగులు ఐదారు చాలు. కాలర్‌ను పెద్ద బ్రష్‌తో, బూడిద తెలుపుతో, వెనక్కి రాకుండా ఒక్కో దెబ్బలో. గౌనులో నేల రంగు బయటికి కనిపిస్తూ ఉండనివ్వండి. వెనక గోడకు పచ్చఛాయ ఉన్న బూడిద: నలుపు, ఎల్లో ఆకర్, తెలుపు కలిపితే వచ్చేస్తుంది. ఐవరీ బ్లాక్‌లో పసుపు కలిస్తే పచ్చదనం వస్తుంది.

గౌనుకి లేసు, బొత్తాలు పెట్టాలనిపిస్తుంది. ఆ కాలపు రాజకుటుంబపు పిల్లల చిత్రాల్లో పట్టు, లేసు, నగలు చూపించడమే పని. 1659లో స్పెయిన్ ఆస్థాన చిత్రకారుడు వెలాస్కెజ్ గీసిన ఎనిమిదేళ్ల స్పెయిన్ రాకుమారి మార్గరీటా చిత్రంలో నీలి గౌను కాన్వాస్‌లో సగానికి పైగా ఆక్రమించింది, ఎందుకంటే ఆ చిత్రం పెళ్లి సంబంధం వాళ్లకు పంపడానికి వేసింది. క్లారాను ఎవరికీ చూపించి ఒప్పించాల్సిన పని లేదు. తండ్రి కూతురి ముఖం చూశాడు, ముఖం అయిపోయాక ఆగాడు. మీరూ ఆగండి.

10. ఇదే పద్ధతిలో మన పిల్లలు

నకలు అయ్యాక ఇంట్లో పాపనో బాబునో గీయాలనిపించడం సహజం. పద్ధతి అదే, చర్మపు కుప్పలు మాత్రం మారతాయి. వెలుగుకు ఎల్లో ఆకర్, బర్న్ట్ సియెన్నా ఎక్కువ, తెలుపు తక్కువ. మధ్య ఛాయలో నలుపు ఎల్లో ఆకర్‌తో కలిసి కొంచెం పచ్చ ఛాయకు పోతుంది, పోనివ్వండి. నల్లటి, చామనఛాయ చర్మంలో పెద్ద తేడా మెరుపుల దగ్గర ఉంటుంది. కిటికీ వెలుతురు తగిలిన నుదురు, ముక్కు మీద మెరుపు చల్లగా, బూడిదగా ఉంటుంది. అక్కడ పసుపు కలిపిన తెలుపు పెడితే చర్మం మట్టిబొమ్మలా అయిపోతుంది.

దీనికీ రూబెన్స్ దగ్గరే పాఠం ఉంది. ఒక నల్లజాతి మనిషి తలను నాలుగు కోణాల్లో గీసిన ఆయన అధ్యయన చిత్రం బ్రస్సెల్స్‌లోని రాయల్ మ్యూజియంలో ఉంది. క్లారా చిత్రం నాటి సంవత్సరాల్లోదే. నుదుటి మీద చల్లటి మెరుపు, దాని చుట్టూ వెచ్చటి గోధుమ, నీడలో ఎరుపు ఎలా వచ్చాయో దాన్ని పెద్దది చేసి చూడండి. మన చర్మం గీసేవాళ్లకు ఇంతకన్నా మంచి పాఠం నాకు తెలియదు.

పిల్లల్ని కూర్చోబెట్టేటప్పుడు ఒకే కిటికీ వెలుతురు ఉండాలి, మీ కళ్లు వాళ్ల కళ్ల ఎత్తులో ఉండాలి. పైనుంచి చూసి గీస్తే ముద్దుగా వస్తుంది, మనిషి మాత్రం రాదు. పది నిమిషాలకు మించి కూర్చోరు. ఆ పది నిమిషాల్లో మూడు సుద్దలతో స్కెచ్ వేసి, ఫ్లాష్ లేకుండా ఫొటో తీసుకుని వదిలేయండి.

11. ఆరబెట్టడం, దాచడం

నూనె అంటిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దగా ఉన్న గుడ్డ దానంతట అదే అంటుకోవచ్చు. బయట తీగ మీద విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్లున్న డబ్బాలో వేయండి.

చిత్రాన్ని గోడ వైపు తిప్పి, చీకటి గదిలో పెట్టకండి. వెలుతురు లేకపోతే అవిసె నూనె పసుపెక్కుతుంది. 1629లో రూబెన్స్ తన మిత్రుడు పెయిరెస్క్‌కు రాసిన ఉత్తరంలో ఇదే బెంగ కనిపిస్తుంది. పెట్టెలో మూసి పంపిన తన చిత్రంలో రంగులు పసుపెక్కి ఉంటాయేమో, అలా అయితే ఎండలో పెట్టమని చెప్పాడు. మన ఎండకు నేరుగా పెట్టక్కర్లేదు, కిటికీ దగ్గర గదిలో చాలు. వార్నిష్‌కు ఆరు నెలలు ఆగండి.

బోర్డు వెనక పెన్సిల్‌తో రాయండి: "రూబెన్స్ గీసిన క్లారా సెరీనాకు నకలు", మీ పేరు, తేదీ. లూవ్ర్ మ్యూజియంలో నకలు తీసేవాళ్లను అసలు చిత్రం సైజులో తీయనివ్వరు, ఎప్పటికైనా అసలుదని ఎవరూ పొరబడకూడదని. మనం ఇంట్లో అదే సైజులో తీశాం కాబట్టి ఆ గీత తప్పకుండా రాయాలి.